తల నెరిసిన పిట్టల జంట

ముత్యం ఖతర్ ఐడీ కార్డు మీద పని అనే చోట కూలీ అని ఉంటుంది. పంతొమ్మిదేళ్లుగా అదే మాట. దోహాలో మూడు హోటళ్ల గోడల మీదా, రెండు రెస్టారెంట్ల తలుపుల మీదా ఉన్న కొంగలూ బాతులూ నెమళ్లూ అతను వేసినవే. వాటి కింద ఉన్న ఎర్ర ముద్ర మాత్రం ఇంకొకరిది.

నేను వడ్రంగిని. ముత్యం బొమ్మలు వేసిన బోర్డులన్నీ నేను బిగించినవే. ఇద్దరిదీ నిర్మల్. అతని ఇల్లు కొయ్యబొమ్మలు చేసేవాళ్ల వీధిలో, మా ఇల్లు రెండు సందుల అవతల. అయినా పరిచయమైంది ఇక్కడికి వచ్చాకే. దోహా పారిశ్రామిక వాడను పనివాళ్లంతా సనయ్యా అంటారు. అక్కడ మా కంపెనీ క్యాంప్‌లో మా మంచాలు పక్కపక్కన పడ్డాయి.

పెయింటర్ కావాలంటే వచ్చాడు. ఊళ్లో అతను చేసిన పని నల్లటి చెక్క మీద బంగారు రంగు నెమళ్లు వేయడం. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పెద్దవాళ్ల పక్కన రంగు నూరుతూ చూసి నేర్చుకున్నాడు. ఇక్కడికి వచ్చిన మొదటిరోజే చేతికి రోలర్ ఇచ్చారు. పన్నెండేళ్లు ఆ రోలర్‌తో అల్ సద్ ఫ్లాట్లకూ, అల్ అజీజియా విల్లాలకూ తెల్లరంగు కొట్టాడు. సంచి అడుగున ఉడుత తోక వెంట్రుకల కుంచె ఒకటి దాచుకున్నాడు. ఎందుకని అడిగితే, "ఉండనీ భాయ్, అన్నమేం అడుగుతలేదు గద" అనేవాడు.

దోహా పక్కనున్న లుసైల్‌లో ఒక చైనా హోటల్ పని కంపెనీకి వచ్చినప్పుడు గావ్ అనే ముసలాయన వచ్చాడు. చైనా నుంచి రప్పించిన చిత్రకారుడు. ఆయనకు కుంచె పట్టడం తెలిసిన సహాయకుడు కావాలి. ఎవరో ముత్యం పేరు చెప్పారు. గావ్ ఒక కాగితం ముందు పెట్టి పిట్టను వేయమని సైగ చేశాడు. ముత్యం నిర్మల్ చిలుకను వేశాడు. నిండుగా, ఈక ఈకకూ గీత, చుట్టూ తీగ, తీగ నిండా పూలు. గావ్ చూసి రెండు చెవులూ మూసుకున్నాడు. గోలగా ఉందని అర్థం. తర్వాత అతని చెయ్యి పట్టుకుని, వేళ్లు విప్పి, కుంచెను నిలువుగా పెట్టించాడు.

అలా నాలుగేళ్లు. ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యలో ఫోన్. గావ్ తన భాషలో చెబితే అది హిందీలో పలికేది, అదీ సగం సగం. అయినా పని దగ్గర మాట పెద్దగా అవసరం పడదు. గావ్ మొదట నేర్పింది ఇది: తెలుపు వేసేది కాదు, మిగిల్చేది. కొంగ తెల్లగా ఉండాలంటే చుట్టూ పలచగా సిరా పారించి, కొంగను ముట్టుకోకుండా వదిలేయాలి. ముత్యానికి అది వంటబట్టడానికి ఏడాది పట్టింది. నిండా నింపడం నేర్చిన చెయ్యి ఊరికే వదిలేయమంటే వినదు.

తర్వాత ఏ పిట్ట ఎందుకో నేర్పాడు. వాళ్ల దగ్గర పిట్టను ఊరికే అందానికి వేయరు. దేవదారు కొమ్మ కింద కొంగ ఉంటే ఆ ఇంటి పెద్దకు నిండు ఆయుష్షు. గుమ్మం దగ్గర నలుపు తెలుపు పొడుగుతోక పిట్ట ఉంటే మంచి కబురు వస్తుంది. నీటి బాతులను జంటగానే వేయాలి, పెళ్లింట్లో ఒంటి బాతును వేస్తే కొట్టి పంపుతారు. కౌజుపిట్టలుంటే ఇంట్లో గొడవలుండవు. ఇంటికి దూరంగా ఉన్నవాడికి అడవి బాతు, అది ఒంటిగానే ఎగరాలి.

ఒకనాడు వర్క్‌షాప్ గోడ మీద ఈ దేశపు పిట్ట ఒకటి వాలింది. దోహాలో ఎక్కడ చూసినా ఉంటాయి, మన పికిలి పిట్టలాంటివి. నల్లటి తల, తెల్లటి చెంపలు, తోక కింద పసుపు. గావ్ దాన్ని చూసి నవ్వి, దీని అన్న మా ఊళ్లో ఉన్నాడన్నాడు. రెండు వేళ్లు పక్కపక్కన పెట్టి చూపించాడు. ఆ పిట్టను జంటగా వేసి ఇస్తే ఆలుమగలు తల నెరిసేదాకా కలిసి ఉంటారట. ముత్యం అది మనసులో పెట్టుకున్నాడు.

గావ్‌కు చూపు తగ్గింది. చైనాకు తిరిగి వెళ్లేముందు సిమెంట్ సంచి కాగితం మీద ముత్యానికి ఒక అడవి బాతును వేసిచ్చాడు. ఒంటిది. ముత్యం దాన్ని మంచం పక్క ఇనప అల్మారా తలుపుకు అంటించాడు. గావ్ తన కుంచెలు రెండు ముత్యానికిచ్చాడు. ఆయన పేరు చెక్కిన ఎర్ర ముద్ర రాయి మాత్రం ఆఫీసులో ఉండిపోయింది.

అక్కడ మొదలైంది. మా మేనేజర్ రామకృష్ణారావుది రాజమండ్రి వైపు. మాట తియ్యన. కొత్త పనులు వస్తే చైనా ఆర్టిస్ట్ వేస్తాడని ఒప్పుకునేవాడు. వేసేది ముత్యం. అయ్యాక ఆఫీసు నుంచి ముద్ర వచ్చి కింద మూలన పడేది. నేను ఒకసారి అడిగాను.

"అరే ముత్యం, నీ పిట్ట కింద వాడి పేరేంది?"

"పేరు ఎవలదైతేంది భాయ్. పిట్ట నాది గద."

పనితనం ఉన్నవాడు అలాగే అనుకుంటాడు. నేనూ అనుకున్నాను.

అతని తల్లి బాలవ్వ చనిపోయిన ఏడాది లెక్క మారింది. పెళ్లయి ఇరవై మూడేళ్లు. మొదటి నాలుగేళ్లకు అన్ని సెలవులూ కలిపినా భార్య సుమలతతో గడిపింది ఆరేళ్లు లేదు. ఆమెదీ బొమ్మల పనే. కొయ్యబొమ్మలకు చింతగింజల జిగురు పూసి, సుద్ద రాసి, నున్నగా చేస్తుంది. అత్తను విడిచి రాలేక అక్కడుంది. అత్త పోయాక ఫోన్‌లో ఒకే మాట.

"ఏందయ్యా, నన్ను తోల్కపోతవా, లేకుంటే ఫోన్లనే ముసల్దాన్నయిత సూస్తవా?"

కార్డు మీద కూలీ అని ఉన్నవాడికి భార్యను తెచ్చుకునే వీసా రాదు. ఆర్టిస్ట్ అని మారితే దారి ఉంది. మార్చాల్సింది కంపెనీ. ముత్యం పంతొమ్మిదేళ్లలో మొదటిసారి మేనేజర్ గదిలోకి తనంతట తాను వెళ్లి అడిగాడు.

రామకృష్ణారావు వెంటనే ఒప్పుకున్నాడు. "అలాగేనయ్యా, తప్పకుండా. లుసైల్లో షూ మేడం రెస్టారెంట్ ఉంది చూడు, వాళ్ల అమ్మానాన్నలకి పెళ్లయి యాభై ఏళ్లు అవుతోంది. హాల్లోకి పెద్ద ప్యానెల్ కావాలంది. తల నెరిసేదాకా కలిసుండే పిట్టలేవో ఉంటాయటగా, అవి. అది బాగా వచ్చిందనుకో, నీ కాగితం నేనే దగ్గరుండి మార్పిస్తాను."

ఆ సాయంత్రం ముత్యం అల్మారా మీది అడవి బాతును ఊడదీసి మడతపెట్టి పరుపు కింద పెట్టాడు. "ఇగ ఇది నాకెందుకు భాయ్" అన్నాడు. ఊళ్లో సుమలత పాస్‌పోర్ట్ చేయించుకుంది. బొమ్మల షెడ్డులో కిటికీ పక్క పీటను, పదిహేనేళ్లు కూర్చున్న పీటను, ఇంకొకామెకు ఇచ్చేసింది. వెలుతురు పడే పీట అది. దాని కోసం ఎదురుచూసేవాళ్లు చాలామంది.

బోర్డు నేను చేశాను. ఎనిమిదడుగులు, నాలుగడుగులు. వంగకుండా వెనక పట్టీలు బిగించి, ముందు పలచటి నూలుబట్ట అంటించి ఇచ్చాను. ముత్యం దానికి సుద్దా జిగురూ ఆరు పూతలు వేసి, పూతపూతకూ రుద్ది, గుడ్డు పెంకులా చేశాడు. రామకృష్ణారావు చైనా పిట్ట ఫొటో ఫోన్‌లో పంపిస్తానన్నాడు. ముత్యం వద్దన్నాడు.

"ఫోన్ల సూసి ఏస్తే ఫోనొస్తది సార్, పిట్ట రాదు. గావ్ సార్ నాకు సూపిచ్చిండు ఆ పిట్టను. రోజు మన గోడ మీదనే కూసుంటది."

మూడు శుక్రవారాలు క్యాంప్ వెనక ఖర్జూరం చెట్టు కింద కూర్చుని చూశాడు. అన్నం మెతుకులు వేశాడు. అవి వాలేటప్పుడు కాలు ఎలా ముడుస్తాయో, ఎండకు నోరు ఎలా తెరుస్తాయో, ఆడదీ మగదీ పక్కపక్కన కూర్చుని ఒకదాని మెడ ఒకటి ఎలా దువ్వుతాయో చూశాడు. తర్వాత వేశాడు. కొమ్మ ఒకటి, పిట్టలు రెండు, మిగతాదంతా ఖాళీ. నల్లటి తలలు, తెల్లటి చెంపలు. ఆ చెంపల తెలుపు వేసింది కాదు, సుద్దను అలాగే మిగిల్చింది. నా చేతిపని గురించి నేను గొప్పలు చెప్పుకోను గానీ ఇంకొకరి పని చూస్తే తెలుస్తుంది. ఆ పిట్టలను చూసి, చప్పుడుకు ఎగిరిపోతాయేమోనని నేను రంపం ఆపేశాను.

రామకృష్ణారావు వచ్చి ముందు ఖాళీని చూశాడు.

"ఏంటయ్యా, సగం బోర్డు వదిలేశావు? ఇంకో నాలుగు పిట్టలు వెయ్యి."

"గదంత ఆకాశమే సార్."

"ఆకాశానికి బిల్లెలా వెయ్యనయ్యా నేను?"

నవ్వాడు. మేమూ నవ్వాం. బోర్డును అలాగే ఉండనిచ్చాడు.

షూ మేడం మర్నాడు పొద్దున వచ్చింది. హాల్లో వేడుక ఆ మరుసటి రోజే. ఆమె బోర్డు ముందు నిలబడి చూసింది. తర్వాత తన తల మీద వేలు పెట్టుకుని, వెనక నుంచి ముందుకు గీసి చూపించింది. ఫోన్‌లో వాళ్ల పిట్ట బొమ్మ తీసింది. అది ఇలాంటిదే. కానీ దాని తల వెనక అంతా తెలుపు, ముసలివాడి నెత్తిలాగ. చెంపలకేమీ లేదు.

"హెడ్ బ్లాక్," అంది. "యంగ్. నాట్ ఓల్డ్ టుగెదర్."

ఆమె వెళ్లాక రామకృష్ణారావు గొంతు మారింది.

"ఆవిడ చైనా పిట్టనడిగితే నువ్వు సనయ్యా పిట్టని వేశావేంటయ్యా! ఫొటో పంపుతానంటే వద్దన్నావు."

"గావ్ సార్ దీనికి అన్న అన్నడు సార్. అన్న ఇట్లనే ఉంటడనుకున్న."

"అన్నాతమ్ముళ్ల గోల నాకెందుకు? తల తెల్లగా ఉండాలి. అంతే."

"కొత్త బోర్డు మీద ఏస్త సార్. నాలుగు రోజులియ్యి. ఆ పిట్టను అర్థం చేసుకోని ఏస్త."

"రేపు ఫంక్షన్ పెట్టుకుని నాలుగు రోజులంటాడు! మధ్యాహ్నానికల్లా తెల్లరంగు వెయ్యి. నీ కాగితం కావాలా వద్దా?"

నల్లసిరా మీద తెలుపు వేయడమంటే గావ్ నేర్పినదంతా తుడిచేయడమే. ముత్యానికి అది తెలుసు, నాకూ తెలుసు. అయినా కూర్చున్నాడు. రంగు ముద్దగా పూయలేదు. ఉడుత వెంట్రుకల కుంచెను పళ్లతో సన్నం చేసి, ఒక్కొక్క వెంట్రుకే వేశాడు. చెంపల తెలుపును నల్లగా చేయమంటే మాత్రం ఒప్పుకోలేదు. "ఉన్నదాన్ని సంపలేను భాయ్" అన్నాడు. అలా రెండు పిట్టలకూ తలలూ నెరిశాయి, చెంపలూ తెల్లగా ఉన్నాయి. మన దేశంలోనూ లేదు, ఈ దేశంలోనూ లేదు, చైనాలోనూ లేదు ఆ పిట్ట. కింద ఎర్ర ముద్ర పడింది.

మర్నాడు బోర్డు బిగించడానికి నేనూ, గీత పడితే సవరించడానికి ముత్యమూ లుసైల్ వెళ్లాం. అతిథులు వచ్చేలోపు వెళ్లిపొమ్మన్నారు. కానీ నిచ్చెన దింపుతుండగానే షూ మేడం తల్లిదండ్రులు వచ్చేశారు. మేం నారింజరంగు కోట్లలో గోడవారగా నిలబడ్డాం.

ముసలాయన బడిలో పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పినవాడట. భార్య ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని నడిచింది. ఇద్దరి తలలూ తెల్లగా ఉన్నాయి. ఆయన నేరుగా బోర్డు దగ్గరికి వెళ్లి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ముక్కు తగిలేంత దగ్గరగా చూశాడు. ఏదో అన్నాడు. కూతురు ఇంగ్లీషులో రామకృష్ణారావుకు చెప్పింది. పక్కనే ఉన్నాం, ఇన్నేళ్లలో వచ్చిన ఇంగ్లీషుతో మాకూ అర్థమైంది.

ఇందులో రెండు తెలుపులున్నాయి అంటున్నాడాయన. చెంప తెలుపు మిగిల్చింది, తల తెలుపు పూసింది. ఇది వేసినవాడు బతికున్న పిట్టను చూశాడు. మా పిట్టను కాదు, ఇంకేదో పిట్టను. అది నచ్చక ఎవరో కోప్పడ్డారు. అప్పుడు తలకు తెలుపు వేశాడు. అయినా వెంట్రుక వెంట్రుకగా వేశాడు. అలా వేయడానికి ఎవరి తల నెరవడమో అతను గుర్తుచేసుకుని ఉండాలి. ఈ చేతిని నేను చూడాలి.

నేను ముత్యాన్ని మోచేత్తో పొడిచాను.

"బోల్ నా రే. ఒక్క మాట."

రామకృష్ణారావు మా వైపు చూడకుండానే నవ్వుతూ చెప్పాడు. అది మిస్టర్ గావ్ పని సార్, మీ దేశం మాస్టరే, పెద్దాయన, ఇప్పుడు ఇంటికి వెళ్లిపోయారు, మీ మెప్పు ఆయనకు తప్పకుండా అందజేస్తాను.

ముసలాయన తల ఊపాడు. నమ్మినట్టు లేదు. హాలంతా ఒకసారి చూశాడు. ఆయన చూపు మా మీదికి వచ్చినప్పుడు ముత్యం కుడిచేతిని జేబులో పెట్టుకున్నాడు. గోళ్లలో ఇంకా తెల్లరంగు ఉంది.

తిరిగి వస్తూ కంపెనీ వ్యాన్‌లో నేను తిట్టాను. "నోట్లె నాలుక లేదా రా నీకు? అడిగింది నిన్నే గద!"

"నేను నోరు తెరిస్తే రావు సార్ ఇజ్జత్ పోతది. రేపు కాయితం మీద సంతకం పెట్టేది ఎవలు భాయ్, ఆ ముసలాయననా?"



పది రోజులు ఆగి ముత్యం ఆఫీసుకు వెళ్లాడు. తోడుగా నేను బయట నిలబడ్డాను, తలుపు తెరిచే ఉంది.

"కూర్చో కూర్చో. మొన్న నోరు మెదపకుండా ఉన్నావు చూడు, అదయ్యా మర్యాదంటే. షూ మేడం ఇంకో రెండు పనులిచ్చింది."

"సార్, నా కాయితం."

"అదే ఆలోచిస్తున్నాను. కానీ ఒక్క ముక్క చెప్పు. నిన్ను ఆర్టిస్టుగా రాస్తే, రేపు ఎవరైనా ఏ పనులు చేశాడని అడుగుతారు. ఏం చూపించను? అన్నిటి మీదా గావ్ ముద్రుంది. అవి నీవంటే మనం అబద్ధం చెప్పినట్టు కాదా? మొన్న ఆ పెద్దాయన ముందు కూడా గావ్ పనేనని అన్నాను. నువ్వూ అక్కడే ఉన్నావు. కాదనలేదుగా?"



"కాదనలే సార్."

"చూశావా మరి."

బయటికి వచ్చాక నాకు ఒక్క మాటే చెప్పాడు. "నేనే సాక్ష్యం జెప్పిన భాయ్, నా మీద." ఆ రోజు పరుపు కింద నుంచి అడవి బాతు కాగితం తీసి మళ్లీ అల్మారాకు అంటించాడు. మడత పెట్టిన చోట మెడ దగ్గర సిరా పగిలింది. దాన్ని సరిచేయలేదు.

షూ మేడం ఇచ్చిన పనులు మొదలవడానికి ఇంకా టైమ్ ఉంది. అందాకా అల్ అజీజియాలో ఒక విల్లాకు రంగు వేయమని ముత్యాన్ని పంపారు. తలుపులు సరిచేయడానికి నేనూ వెళ్లాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఖాళీ గదిలో గోడకు ఆనుకుని కూర్చుంటే సుమలత ఫోన్ చేసింది. చేతులకు రంగు ఉందని ముత్యం ఫోన్‌ను నేల మీద పెట్టి స్పీకర్ వేశాడు. నేను లేవబోతే కూర్చోమన్నాడు.

"ఏమయింది?" అంది ఆమె.

"కాలే."

"ఎప్పుడయితది?"

"ఇగ కాదు."

జరిగింది చెప్పాడు, ఏమీ దాచకుండా. అటువైపు బొమ్మల షెడ్డులో చెక్క కోసే చప్పుడు వినిపిస్తూ ఉంది. ఆమె పాత పీట పోయింది కాబట్టి ఎక్కడో వెనక, చీకటి మూలన కూర్చుని ఉంటుంది.

"నువ్వు పంపిన ఫోటువ సూసిన," అంది చివరికి. "కుడిపక్క పిట్ట మెడ గట్టిగ వడ్డది. ఎడమపక్కది మంచిగున్నది."

"అవ్. నాకూ తెలుసు."

"ఆ ముసలాయన అడిగినప్పుడు సప్పుడు సేయలే నువ్వు."

"సేయలే."

"గా పిట్టలకు ఒక్కొక్క ఎంటిక కూసోని ఏసినవట గద, తెల్లగ." ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. రోజూ సుద్ద రాసే మనిషి మాట. "నాకు ఏసుడు అవుసరం లేదు తీ. నాయి అవే నెరిసినయ్. నువ్వు లేకున్నా నెరిసినయ్."

ఫోన్ పెట్టేసింది.

ముత్యం లేచి రోలర్‌ను బకెట్‌లో ముంచాడు. ఆ గదికి ఇంకో పూత మిగిలి ఉంది.